తాలు రాశి

ఈ ఉదయం పచ్చడికని తెచ్చిన కిలో ఎండుమిరపకాయలు పళ్లెంలో పోయగానే ఘాటు ముక్కుకెక్కి వరసగా నాలుగు తుమ్ములొచ్చాయి. నీళ్లు నిండిన కళ్లతోనే ఒక తాలు కాయ ఏరాను. ఎరుపు రాక తెల్లగా పాలిపోయిన కాయ. దాన్ని చూస్తే మా సలోమి మేడం గుర్తొస్తారు. మనిషి పోయి అయిదేళ్లవుతున్నా ఇంతే.

రెండువేల సంవత్సరం దాటిన అయిదారేళ్లకు, గుంటూరు పక్కన ఒక కాలేజీలో ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేశాను. మెదడులో కణితి ఎంతమేర పాకిందో స్కానింగులో అంచులతో సహా చూడాలని మా ప్రయత్నం. మూలకణాలకు కణితిని వెతుక్కుంటూ పోయే గుణం ఉంది. వాటిచేత కంటికి ఆనని నానో ఇనుప రేణువులు మింగించి, ఎలుక మెదడులో కణితికి దూరంగా ఎక్కించేవాళ్లం. అవి నడిచి వెళ్లి కణితి చుట్టూ చేరితే ఆ ఇనుము స్కానింగులో నల్లగా పడుతుంది. నాలుగేళ్లు తిప్పలు పడ్డాక, థీసిస్ గడువు రెండు నెలలుందనగా, కణితి అంచునే నల్లటి మచ్చ కనపడింది. ఫొటో పట్టుకుని మేడం గదికి ఒక్క పరుగు తీశాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "బాగుంది. తాలు ఏరావా?" అన్నారు.

"తాలేంటి మేడం?"

"ఎక్కించినవాటిలో కొన్ని చచ్చిపోతాయి కదయ్యా. వాటిలోనూ ఇనుము ఉంటది. ఆ ఇనుముని ఇంకేవో కణాలు మోసుకెళ్లి కణితి దగ్గర పడేసినా నల్లగానే కనపడుద్ది. మిషనుకి నలుపే తెలుసు. ప్రాణముందో లేదో దానికేం తెలుసు?"

నాకు తల కొట్టేసినట్టయింది. మాది మిరప రైతు కుటుంబం. కల్లంలో తాలు ఏరే పని కూలి ఆడవాళ్లది, నేను మంచం మీద కూర్చుని చూసినవాణ్ణి. మేడం వినుకొండ దగ్గరి పల్లెలో, వేసవి సెలవులన్నీ వాళ్లమ్మ పక్కన కూర్చుని తాలు ఏరి చదువుకున్న మనిషి. ఆ మాట ఆవిడ చేత చెప్పించుకోవాల్సి వచ్చినందుకు ఒళ్లు మండిపోయింది. అది ఎంత కుర్రతనమో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"అయితే చచ్చినవన్నీ తీసేసి మళ్లీ చేస్తాను," అన్నాను ముభావంగా.

"తీసి పారేస్తావా? మీ నాన్నగారు తాలు ఎప్పుడన్నా పారేశారా? విడిగా రాశి పోసి, ఇది తాలు అని చూపించే అమ్ముంటారు. నువ్వూ అట్లాగే చెయ్యి. ఇనుము మింగించి కావాలని చంపిన కణాలు ఇంకో ఆరు ఎలకలకి ఎక్కించు. రెండు రాశులూ పక్కపక్కన పెట్టు. అందాకా నేను సంతకం పెట్టను."

ఆ ఆరింటిలోనూ కణితి దగ్గర నలుపు కనపడితే నా నాలుగేళ్ల పనీ నీళ్లపాలే. ఆవిడకు మాత్రం చీకూ చింతా లేదని లోలోపల తిట్టుకున్నాను.

కొత్తపేటలో ఒక స్కానింగు సెంటరు వాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు, పేషెంట్లు లేనప్పుడు, మా ఎలుకల్ని చూడనిచ్చేవారు. ఆ ఆదివారం మేడం చర్చి నుంచి నేరుగా తెల్లచీరతో, బైబిలు సంచితో వచ్చి నా పక్కన కూర్చున్నారు. మొదటి ఎలుక బొమ్మ తెర మీదకొచ్చింది. సూది వేసినచోటే నలుపు. కణితి దగ్గర ఏమీ లేదు. రెండోదీ అంతే. ఆరోదీ అంతే. చచ్చిన కణాలు వేసినచోటే పడి ఉన్నాయి. అంటే అప్పుడు నడిచి వెళ్లినవి బతికున్నవే. గుండెల మీద నుంచి బండ దించినట్టయి అక్కడే భోరుమన్నాను.

"ఏడుపు తర్వాతయ్యా శీనూ, మత్తు దిగితే ఎలక లేస్తుంది. ముందు దాన్ని బయటికి తియ్యి," అన్నారు మేడం. చూస్తే ఆవిడ చీర కొంగు చేతిలో తాడులా మెలిపడి ఉంది. "వారం నుంచి అన్నం సయించలేదయ్యా నాకు," అన్నారు మెల్లగా. అప్పటిదాకా నేనొక్కణ్ణే భయపడుతున్నాననుకున్నాను.

ఇప్పుడు నా దగ్గరా విద్యార్థులున్నారు. వాళ్లలో ఒరిస్సా నుంచి వచ్చిన అమ్మాయికి తెలుగు మాటలు పదో పన్నెండో వచ్చు. నిన్న సాయంత్రం ఆమె మంచి స్కానింగు ఫొటో తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను నోరు తెరిచేలోపే రెండోది తీసి దాని పక్కన పెట్టి, "తాలు, సార్," అంది.

ముందు ఆ రెండో ఫొటోనే చేతిలోకి తీసుకున్నాను. మేడం ఉన్నా అదే ముందు చూసేవారు.