సింగిల్స్ అంటే గిట్టని టీచర్

మా అమ్మాయికి టెన్నిస్ నేర్పిన టీచర్ మొన్న ఆదివారం పొద్దున చనిపోయారు. ప్రాక్టీసుకు వచ్చి ముందురాత్రి జగిత్యాలలో టీచర్ ఇంట్లోనే పడుకున్న సిరిసిల్ల పిల్ల ఫోన్ చేసి చెప్పింది. డబుల్స్‌లో మా అమ్మాయికి జోడి ఆ పిల్లే. "ఆంటీ, టీచర్ ఎంత లేపినా లేస్తలేరు. డాక్టర్ అచ్చి సూసి, పోయిండ్లన్నడు" అంది.

నిజం చెప్పాలంటే, మొదట నాకు కోపం వచ్చింది. ఆ సాయంత్రమే కోరుట్లలో మా ఇంటికి వచ్చి సంగతి తేల్చుకుంటానన్న మనిషి ఆవిడ. హైదరాబాదులో జరగబోయే మహిళల ప్రొఫెషనల్ టోర్నమెంటుకు పేర్లు పంపడానికి సోమవారమే ఆఖరు. మా అమ్మాయిని సింగిల్స్‌కే పంపాలని నేను, ఇద్దరినీ కలిపి డబుల్స్‌కు పంపాలని ఆవిడ. ఏనాడూ ఏ పనికీ వేళకు రాని మనిషి, ఈ ఒక్కదానికే తొందరపడ్డారు.

ఆవిడ జగిత్యాలలో బడి డ్రిల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. గడ్డి మొలిచిన ఒక పాత కోర్టును బాగుచేయించి, పొద్దునపూట ఆడపిల్లలకు ఆట నేర్పేవారు. చేతి గడియారం ఎప్పుడూ ఆగిపోయే ఉండేది. ఫోన్‌లో చార్జింగ్ ఉండేది కాదు. మా ఇంటికి బెల్లు ఉంది. అయినా రాకెట్ పిడితో గేటును కొట్టేవారు. ఫ్రిజ్ మీద నేను అంటించిన టైంటేబుల్ చూసి, "నీ కాయితం మంచిగున్నది చెల్లె, బంతికి గూడ ఒకసారి సూపెట్టు" అనేవారు.

పన్నెండేళ్ల వయసులో ఈ ఇద్దరినీ ఆవిడే జోడి కట్టారు. ఇద్దరికీ ఇష్టం లేదు. మాకూ లేదు. పేరు వచ్చేది సింగిల్స్‌లోనే కదా అని అడిగాను. "సింగిల్స్‌ల తప్పు జేస్తే ఒక్కతే ఏడుస్తది. డబుల్స్‌ల తప్పు జేసినంక పక్కదాని మొకం జూడాలె. గది నేర్సుడే కష్టం" అన్నారు. ఇద్దరి మధ్య పడ్డ బంతిని ఇద్దరూ వదిలేసి "సారీ, సారీ" అనుకుంటే ఆవిడకు ఒళ్లు మండేది. "సారీ అంటే బంతి ఎనుకకు అస్తదా?" అని సారీకి ఒక చుట్టు చొప్పున కోర్టు చుట్టూ ఉరికించేవారు. మా అమ్మాయి ఇంట్లో పాలు ఒలకబోసినా సారీ చెప్పడం మానేసింది. అది కూడా నా ప్రాణానికే వచ్చింది.

అన్నిటికంటే విసిగించింది సిరిసిల్ల వ్యవహారం. వేసవిలో ఒకసారి మా అమ్మాయిని ప్రాక్టీసుకని పంపితే, ఆవిడ బస్సెక్కించి సిరిసిల్ల పిల్ల వాళ్లింటికి తీసుకుపోయారు. వాళ్లది మగ్గాల మీద బతికే కుటుంబం. మగ్గం మీద నిలువు దారాల పాత పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాతవాటికి అతకాలి. ఒకరు పోగు విడదీసి అందిస్తుంటే ఎదుట కూర్చున్నవారు మెలిపెట్టి కలుపుతారు. ఆ పనికి ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారట, నోరు విప్పొద్దని షరతు పెట్టి. సాయంత్రం మా అమ్మాయి ఎర్రబడిన వేళ్లతో ఇల్లు చేరింది.

"టెన్నిస్‌కు పంపితే దారాలు అతికిపిస్తరా టీచర్?" అని ఫోన్‌లో నిలదీశాను.

"ఎదుటిదాని చెయ్యి ఎటు పోతదో సూసుకుంట పనిజేసింది. గదే టెన్నిస్ చెల్లె" అన్నారు. ఇంకేదో అనబోతే ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

నిరుడు అదే హైదరాబాదు టోర్నమెంటులో వీళ్లు మొదటిసారి పెద్దవాళ్లతో డబుల్స్ ఆడారు. పేర్లు ముందే పంపినా, ఆటకు ముందురోజు గడువులోగా ఇద్దరూ స్వయంగా వచ్చి సంతకాలు పెట్టాలి. నేనూ మా అమ్మాయీ ఫైలు పట్టుకుని రెండు గంటల ముందే చేరాం. సిరిసిల్ల నుంచి ఆ పిల్లను తీసుకురావాల్సిన టీచర్ మాత్రం పది నిమిషాల గడువుండగా చేతిలో సంచితో వచ్చారు. సిద్దిపేటలో జాంపండ్లు బాగున్నాయని దిగారట. ఈలోగా బస్సు వెళ్లిపోయిందట.

"గడువు దాటితే ఏం జేసేటోళ్లు?" అన్నాను.

"దాటలే గదా. తిను" అని నా చేతిలో ఒక పండు పెట్టారు.

మర్నాటి ఆటలో ఒక సెట్టు మనది, ఒకటి వాళ్లది. మూడో సెట్టుకు బదులు పది పాయింట్ల ఆట, గెలవాలంటే రెండు పాయింట్ల తేడా ఉండాలి. ఎనిమిది, ఎనిమిది మీద బంతి సరిగ్గా ఇద్దరి నడుమకు వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి సిరిసిల్ల పిల్ల దాన్ని కొట్టేసింది. ఆమె ఖాళీచేసిన చోట మా అమ్మాయి నిలబడి ఉంది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఆ పాయింటు మనదే. అయినా ఆ తర్వాతి మూడు పాయింట్లూ పోయి ఆట ఓడిపోయారు. నాకు ఏడుపొచ్చింది. టీచర్ మాత్రం కరీంనగర్ దాకా బస్సులో, "గా నడిమి బంతి సూసినవా చెల్లె?" అని అడుగుతూనే ఉన్నారు. నేను కళ్లు మూసుకున్నానని ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

ఈ మధ్య హైదరాబాదులో ఒక కోచ్ మా అమ్మాయి ఆట చూసి, డబుల్స్ మానేస్తే సింగిల్స్‌లో పైకొస్తుందన్నాడు. నేను సరేననుకున్నాను. టీచర్ మూడు సాయంత్రాలు వచ్చి వాదించారు. చివరిసారి చెప్పులు వేసుకుంటూ, "నీ బిడ్డ మంచిగనే ఆడుతది, ఒక్కతైనా గెలుస్తది. గా పిల్ల ఏం గావాలె?" అన్నారు. "ఆదివారం అస్త, సోంచాయించి పెట్టు" అని గేటు తీసుకుని వెళ్లారు.

సోమవారం పొద్దున ఇద్దరి పేర్లూ కలిపే పంపాను. ఆవిడ వాదనకు నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఇంకొక్క సాయంత్రం వచ్చి ఉంటే కాదనడానికి నా దగ్గర మరో నాలుగు కారణాలుండేవి. ఆదివారం సాయంత్రం ఆవిడ ఇంటి ముందు చూసినదానికి మాత్రం ఆ నాలుగింటిలో ఏదీ జవాబు కాదు.

అంత్యక్రియలు అయిపోయి అందరూ వెళ్లిపోయారు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి పరిచిన పెద్ద జంపఖానా వాకిట్లో అలాగే ఉంది. పిల్లలిద్దరూ చెరో అంచు పట్టుకుని లేపారు. ఏడ్చి ఏడ్చి ఇద్దరి కళ్లూ వాచిపోయి ఉన్నాయి. మా అమ్మాయి రెండడుగులు ముందుకు వేస్తే, ఆ పిల్ల చేతులు చాచి అంచులు అందుకుంది. మా అమ్మాయి వంగి కింది మడతను పట్టుకుని మళ్లీ వెనక్కి నడిచింది. ముందు దుమ్ము దులపండని చెప్పబోయి ఊరుకున్నాను. మళ్లీ దగ్గరికి, మళ్లీ దూరంగా, మళ్లీ దగ్గరికి. మూలకు మూల సరిగ్గా కలిసింది.