మామ లారీకి పడుగు సాచిన రోజు

సెల్‌ఫోన్ మెమొరీ కార్డులో పాటలు ఎక్కించుకోవడానికి గద్వాల బస్టాండు దాకా పోయి వరుసలో నిలబడే ఆ రోజుల్లో, ఈ లోకంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఆ తర్వాత ఒక్కొక్కటే తెలియకుండా పోతూ వచ్చాయి.) మాది చేనేత ఇల్లు. నాయన గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. మా వీధిలో ఏ గుమ్మం ముందు నిలబడ్డా మగ్గం చప్పుడే. నేను మాత్రం ఆ గుంటలో కాళ్లు పెట్టేది లేదని తెగేసి చెప్పి, వనపర్తిలో లారీలకు కరెంటు పని చేసే ఉస్తాద్ దగ్గర చేరాను. కొన్నాళ్లు హారన్లు బిగించి, లైట్లు మార్చి, ఇక ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదని నాకు నేనే తీర్పు చెప్పుకుని ఇంటికొచ్చేశాను.

సరిగ్గా అప్పుడే మా మామ (అమ్మకు తమ్ముడు) డీజిల్ లారీ మా వీధి మొదట్లో మొరాయించి నిలబడింది. అది నాకంటే వయసులో పెద్దది. ఇంజను మీది వైర్ల కట్టను సగం ఎలుకలు కొరికేశాయి, మిగతా సగం సైలెన్సర్ గొట్టానికి ఆనుకుని కాలి, రంగులన్నీ పోయి నల్లగా మాడిపోయింది. నాగర్‌కర్నూల్‌కు వేరుశనగ లోడు ఒప్పుకుని ఉన్నాడు మామ. "ఉస్తాద్‌ను పిలుస్త తియ్" అని ఫోను తీశాడు. నాకు ఒళ్లు మండింది. "ఇంట్ల నేనుండంగ ఉస్తాదెందుకు మామా? కర్నూల్ల కొత్త వైరింగు దొరుకుతది, తెచ్చియ్, పొద్దుగూకే వరకు నడిపిస్త" అన్నాను. లోపల మగ్గం చప్పుడు ఆగింది. నాయన బయటికొచ్చి నన్నూ లారీనీ ఒకే చూపుతో చూశాడు.

"నడిపిస్తివా, నీ ఇష్టమొచ్చినట్ల లారీల ఎంబడి పో. ఇంగ నేనడ్డం రాను. నడవకపోయిందనుకో, సోమారం నుంచి గుంటల కూసోవాలె. ఏమంటవ్?"

"సై" అన్నాను, వీధంతా వినేలా.

మామ కర్నూలు పోయి కొత్త కట్ట తెచ్చేలోపు నేను పాతదాన్ని ఒక్క గుర్తు పెట్టుకోకుండా ఊడబీకి, లారీ కింద పారేశాను. ఏ వైరు దేనికి పోతుందో తెలియదా ఏంటి మనకి! తీరా చూస్తే కొత్త కట్ట ఏదో తర్వాతి మోడల్‌ది. రంగులు వేరు, వైర్ల కొసలకు బిగించే ప్లగ్గు మూతులు వేరు. అయినా వెనక్కి తగ్గితే నేనెందుకవుతాను? ఉస్తాద్ దగ్గర చూసింది కొంత, నా బుర్రలో పుట్టింది ఎక్కువ కలిపి అన్నీ బిగించి, మామను తాళం తిప్పమన్నాను. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది! నేను నడుం మీద చేతులు పెట్టుకుని నాయన వైపు ఎలా చూశానంటే, ఆ చూపు ఇప్పుడు మా అబ్బాయి నా వైపు చూస్తే ఊరుకోను.

"సరే, ఇంగ బంద్ చేస్త" అని మామ తాళం తీశాడు. ఇంజను ఆగలేదు. తాళం చేతిలో పట్టుకుని చూపించాడు. అయినా ఆగలేదు. డీజిల్ ఇంజను ఒకసారి అందుకుంటే దానికి కరెంటుతో పని లేదు, దాన్ని ఆపడానికే ఆ లారీలో కరెంటు కావాలి. ఆ ఆపే వైరును నేను ఎక్కడ బిగించానో దేవుడికే తెలియాలి. "పరేషాన్ చేస్తివి గదరా అల్లుడా!" అని మామ ఆ మోతలో అరుస్తున్నాడు. వీధంతా పొగ. అమ్మ ఆరేసిన నూలు చుట్టుకుని లోపలికి పరుగెత్తింది. చివరికి మామే పెద్ద గేరు వేసి, బ్రేకు తొక్కిపట్టి క్లచ్ వదిలితే, లారీ ఎగిరిపడి చచ్చినట్టు ఆగింది.

"ఆపుడు తెల్వనోడివి నడిపిచ్చుడెందుకురా?" అన్నాడు నాయన. చాలా తృప్తిగా అన్నాడు. "గుంట ఊడ్పిచ్చి పెడ్త."

నాకు ఏడుపొచ్చింది. మగ్గం మీద చిన్నచూపు కాదు, నా మాట పోతుందని ఏడుపు. లారీ కిందికి దూరి పాత కట్ట బయటికి లాగాను. చిక్కుపడి ముద్దయిపోయింది. చిక్కు తీయాలంటే సాచి కట్టాలి, అంతే కదా. మా వీధిలో పడుగు (చీర నిలువు పోగులు) సాచే రెండు కొయ్యలు ఎలాగూ ఉన్నాయి. పాత కట్టను వాటి మధ్య కట్టాను. కొత్తదాన్నీ ఇంజను మీంచి విప్పి పక్కనే కట్టాను. ఇంతలో పక్కింటి చిన్నమ్మ వచ్చి అటువైపు కూర్చుంది. ఎవరూ పిలవలేదు. కొయ్యల మధ్య ఏదైనా సాచితే అటూ ఇటూ వచ్చి కూర్చోవడం మా వీధికి అలవాటు. "ఏం చీరరా ఇది, అంత నల్లగున్నది?" అంటూ మరో నలుగురు చేరారు. ఒకరు వైరును ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్లతో తడుముతూ విడదీయడం, ఒకరు కొత్తదాంట్లో అదే పొడవూ లావూ ఉన్న జతను వేరు చేయడం, చీర అంచులు నేయగా మిగిలిన పట్టు తునకలు అమ్మ తెచ్చి జత జతకూ ఒక రంగు కట్టడం. నాయన చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. కాసేపే. "వదులున్నది" అంటూ వచ్చి, కొయ్య దగ్గర లాగి బిగించి, మళ్లీ పోయి చేతులు కట్టుకున్నాడు.

వేడికి బిగుసుకుపోయిన పాత వైర్ల కొసలు ఏ వంపులో ఉండేవో ఆ వంపులోనే ఉన్నాయి. పాత కట్టను ఇంజను మీద పరిస్తే ఏ కొస చోటికి ఆ కొస పోయి నిలిచింది. ఇక పాత మూతులను కొత్త వైర్లకు ఒక్కొక్కటే అతకాలి. పట్టు తునకల రంగులు చూసుకుంటూ రాగి పోగులు మెలిపెడుతున్నాను. చాలాసేపటికి గమనించాను, ప్రతి అతుక్కీ ముందు నా వేళ్లు పక్కనున్న కొబ్బరి చిప్పలో బూడిద అద్దుకుంటున్నాయి. కొత్త పడుగు పోగులను పాతవాటికి అతికేటప్పుడు మావాళ్లు వేళ్లకు బూడిద అద్దుకుంటారు, జారకుండా. రాగికి బూడిదేమిటి! (ఉస్తాద్ చూసుంటే నా వీపు విమానం మోత మోగేది.) ఆ చిప్ప అక్కడ ఎవరు పెట్టారో నేను అడగలేదు.

పొద్దుగూకే ముందే మామ తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. తాళం తీశాడు. ఠక్కున ఆగింది. అప్పుడు లేచింది చూడండి కేక! లారీ ఆగిపోయినందుకు ఒక వీధి వీధంతా చప్పట్లు కొట్టడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

"గెలిచిన" అన్నాను నాయనతో.

నాయన ఒక అతుకు పట్టుకుని గుంజి చూశాడు. "అతుకు మంచిగున్నది. పొద్దటి సంది మగ్గం పనే చేసినవ్ గదరా, నువ్వెట్ల గెలుస్తవ్? నేను గెలిచిన" అన్నాడు.

ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. నేను గుంటలో కూర్చోలేదు, కాబట్టి గెలిచింది నేనే. మామ లోడు నాగర్‌కర్నూల్ చేరింది, కాబట్టి గెలిచింది నేనే. ఎవరు ఎన్ని చెప్పినా ఈ మాట మార్చేది లేదు. గద్వాలలో నా కొట్టులో, వైర్ల చుట్టల పక్కన, బూడిద ఉన్న కొబ్బరి చిప్ప ఒకటి ఉంటుంది. "గదేంది సేటూ?" అని డ్రైవర్లు అడిగితే "చెమటకు" అంటాను. అది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. సాయంత్రాలు నాయన చాయ్ తాగే వంకతో వచ్చి, జేబులోంచి పొట్లం తీసి, జల్లెడ పట్టిన మెత్తటి బూడిద అందులో పోసి వెళ్లిపోతాడు. నేను వైరు మీంచి తల ఎత్తను. ఎత్తితే గెలిచానంటాడు.