తొక్కకూడని మ్యాట్

మా బడికి కబడ్డీ మ్యాట్ వచ్చిన రోజు హెడ్మాస్టరు కొబ్బరికాయ కొట్టారు. ఉదయగిరిలో మా మైదానం ఎలా ఉంటుందో తెలియాలంటే అక్కడ ఆడిన పిల్లల మోకాళ్లు చూస్తే చాలు. అన్నీ గులకరాళ్లే. అలాంటి చోటికి ప్రభుత్వం నీలం రంగు మెత్తటి పలకలు పంపింది. ఒకదానికొకటి బిగిస్తే కోర్టు తయారు. పరవడానికి చదునైన హాలు మాత్రం పంపలేదు. అది వేరే పథకమట.

పలకలన్నీ స్టోర్ రూములో పెట్టి తాళం వేశాం. పీఈటీని కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఏడాదిలో రెండుసార్లు బయటికి తీశాం. రెండుసార్లూ వరండాలో పరిచి, పైన కుర్చీలు వేశాం. వచ్చిన పెద్దలు బూట్లతోనే ఎక్కి, క్రీడల వల్ల క్రమశిక్షణ అలవడుతుందని సెలవిచ్చారు. మా ఆడపిల్లల జట్టు కింద నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఏయ్, తొక్కబాకండి! పాడైతే నన్ను అడుగుతారు" అని హెడ్మాస్టరు అరిచేవారు. ఆయన లేనప్పుడు నేను అరిచాను. ఈ మాట రాయకపోతే ఇదంతా ఆయన మీద చాడీలు చెప్పినట్టే అవుతుంది.

మా జట్టులో కూతకెళితే తిరుగులేని పిల్ల ఒకతె ఉండేది. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల, పదో తరగతి. మొండికేసిన పొట్టేలును కొమ్ములు పట్టి ఆపగలదు. ఆ వయసు విభాగంలో ఆమెకు అదే చివరి ఏడు. జిల్లా జట్టులోకి వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, పైచదువు. రాకపోతే గొర్రెల వెనకే. వాళ్ల నాయన ఆ సంగతి నా ముందే తేల్చి చెప్పాడు.

ఆత్మకూరులో సెలక్షన్స్ మ్యాట్ మీద పెట్టారు. మా పిల్ల అంచున ఆగి, అరికాళ్లు ట్రాక్ ప్యాంటుకు తుడుచుకుంది. అయినా మునివేళ్ల మీదే నడిచింది. కూత పెడుతూ కిందికి చూసింది, మరక పడిందేమోనని. మొదటి కూతలోనే దొరికిపోయింది. రెండోసారీ అంతే. "గట్టిగా తొక్కు మే!" అని గీత బయట నుంచి గొంతు చించుకున్నాను. ఏడాది పొడుగునా వద్దన్న మనిషి ఉన్నట్టుండి తొక్కమంటే ఎవరు నమ్ముతారు?

"ఈ పాపకు భయం ఎక్కువ మేడమ్" అంటూ సెలెక్టరు పేరు కొట్టేశాడు. పొట్టేలుకు భయపడని పిల్లకు రబ్బరు పలకంటే భయం నేర్పింది మేమేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గేసింది.

పది రోజుల తర్వాత జిల్లా ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మ్యాట్ వాడుతున్నట్టు మధ్యాహ్నంలోగా వీడియో పంపాలట. హెడ్మాస్టరు పరుగున వచ్చారు.

"ఆ పిల్లను పిలవండి మేడమ్. బాగా ఎగిరి దూకమనండి. ఈ పొద్దు ఎట్టయినా తొక్కనీండి!"

హెడ్మాస్టరే చెప్పేసరికి ఆమె నిజంగానే ఆడింది. ముగ్గుర్ని తాకి, నాలుగో పిల్ల మీదుగా దూకి గీత దాటింది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆ ఆఫీసు నుంచే ఒక సారు ఫోన్ చేశారు.

"ఆ దూకిన పాప ఎవరమ్మా? అట్టాంటి పిల్లను సెలక్షన్స్‌కు పంపకుండా ఏం చేస్తా ఉండారు?"

"పంపినాను సార్. తీసుకోలేదు. వచ్చే ఏటికి వయసు దాటిపోతాది."



"సరేలేమ్మా. వీడియో మాత్రం బాగుండాది. మిగతా బళ్లకు కూడా పంపిస్తా, చూసి నేర్చుకుంటారు."