ముళ్ల పట్టీ

చిన్న పార కోసం మదనపల్లెలో పాత ఇనుము అంగడికి వెళ్లి, అది దొరక్క, ఎందుకు పనికొస్తుందో తెలియని వస్తువొకటి కొనుక్కొచ్చాను. అరచేయంత ఇనుప రేకు, కొంచెం వంచి ఉంది. దాని మీద బయటికి పొడుచుకొచ్చిన మేకులు. రెండు కొసల్నీ కలుపుతూ ఎండి బిగుసుకుపోయిన తోలు పట్టీ. ఏమిటిదని అడిగితే అంగడాయన, "పాతకాలందమ్మా, బలే గట్టిగా ఉండాది" అన్నాడు. అది నాకూ కనిపిస్తూనే ఉంది.

మా ఆయన పట్టీలో చెయ్యి దూర్చి చూసి, గొర్రెబొచ్చు దువ్వేదని తేల్చేశాడు. ఆయన దేన్నైనా చూడగానే తేల్చేస్తాడు. నాకు నమ్మకం కుదరక టెంకాయ చిప్పలో గీకి చూశాను. గీతలు పడ్డాయి గానీ తురుము రాలేదు. కిటికీలో పడేశాను.

అప్పుడు నాకు అంతకంటే పెద్ద చిక్కే ఉంది. సోమవారం కుప్పంలో కొత్త ఉద్యోగంలో చేరాలి. పాపకు రెండున్నరేళ్లొచ్చినా ఇంకా పాలు మానలేదు. వేపాకు నూరి పూసుకున్నాను. పాప మొహం చిట్లించి, నా కొంగుతోనే తుడిచేసి, తాగింది. పుంగనూరులో మా అమ్మ దగ్గర కొన్నాళ్లు వదిలిపెడితే తనే మరిచిపోతుందని అందరూ అన్నారు. నాకూ అదే సులువనిపించింది.

పాపను తీసుకుపోవడానికి అమ్మ వచ్చింది. ఆవుల మధ్య పెరిగిన మనిషి. కిటికీలో ఆ వస్తువును చూడగానే నవ్వింది.

"ఇది దూడ మూతికి కట్టేది గదే, పాలు మాన్పించేదానికి. ముండ్లు బయటికి ఉండాయి సూడు. దూడకేం కాదు. పొదుగులో మూతి పెడితే ఆవుకు గుచ్చుకుంటాది. ఆవే తన్ని తోసేస్తాది."

"అమ్మ యాల తంతాండాదో దూడకు తెలుస్తాదా?" అన్నాను.

"దానికెట్ల తెలుస్తాది!"

మాటల్లో మాటగా, నాకెట్లా మాన్పించావని అడిగాను. అమ్మ పాప గౌన్లు మడిచి సంచిలో పెడుతోంది.

"మీ చిన్నమ్మ కాన్పుకని నిన్ను అవ్వ దగ్గర వదిలి నెల దినాలు పోయినా. నేనొచ్చేసరికి మానేసినావు."

"మళ్లీ అడగలేదా?"

"పాలు అడగలా. నేను చేతులు చాపితే పోయి అవ్వ వెనక దాక్కున్నావు. శానా దినాలు నా దగ్గరికే రాలా."

అంతే చెప్పి ఇంకో గౌను మడిచింది. నాకు భయమేసింది. సంచి లాక్కుని, కుప్పానికని తీసిపెట్టుకున్న నా బట్టలు కూడా అందులోనే కుక్కాను. అమ్మ తన చీర కూడా తెచ్చి పైన పెట్టింది.

సోమవారం తెల్లవారకముందే అమ్మా, పాపా, నేనూ ముగ్గురం కుప్పం బస్సెక్కాం. బస్సు పుంగనూరులో ఆగింది. ఎవరమూ దిగలేదు. పాప కొంగు లాగింది. నేను కప్పుకుని పాలిచ్చాను.