కోర్టు వరండాలో మా పంచాయితీ

గెలిచిన కేసును చేతులారా ఓడిపోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నా సంగతి వినండి. మా ఇంట్లో అందరూ నవ్వడం అయిపోయింది, ఇక మీ వంతు.

పెళ్లయిన కొత్తలో క్రెడిట్ కార్డు మీద టీవీ, ఫ్రిజ్, అత్తగారి ముందు గొప్పకు ఒక సోఫా కొన్నాను. తర్వాత ఉద్యోగం పోయింది, కట్టడం ఆగింది. ఏళ్లు గడిచి, కొత్త ఉద్యోగంలో కుదురుకుని, సోఫా స్ప్రింగులు బయటికొచ్చాక, బ్యాంకు దావా వేసిందని సమన్లు వచ్చాయి. ఓడితే కట్టడానికి ఇంట్లో ఉన్నది ఒక్కటే: కుట్టు షాపు పెట్టుకుందామని మా ఆవిడ సరిత దాచుకున్న డబ్బు.

జనగామలో ఒక లాయరును పట్టుకున్నాను. ఆయన కాగితాలు చూసి నవ్వాడు.

"గిది గడువు దాటిన బాకీ తమ్మీ. మూడేండ్ల లోపల దావా ఏయాలె, ఏయలే. జవాబు నేను దాఖలు చేస్త. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే."

"ఏంది సార్?"

"ఏం చెయ్యకపోవుడు. ఎవ్వలతోని మాట్లాడకు, ఏ కాగితం మీద సంతకం పెట్టకు."

ఫీజు తీసుకుని ఏమీ చేయొద్దనే మనిషిని నమ్మేదెలా, మీరే చెప్పండి. అందుకే వాయిదా రోజున మా పెద్దబాపును, అంటే మా నాన్న అన్నను, వెంటబెట్టుకెళ్లాను. మా ఊళ్లో గట్టు తగాదా నుంచి మొగుడూపెళ్లాల గొడవ దాకా ఆయన కూర్చోకుండా ఏ పంచాయితీ తెగదు. ముందు మన పక్షం వాణ్ణే అందరి ఎదుటా తిట్టాలి, అవతలివాడు మెత్తబడ్డాక బేరం మొదలుపెట్టాలి. ఇదీ ఆయన పద్ధతి.

మా లాయరు లోపల వేరే కేసులో ఉన్నాడు. వరండాలో బ్యాంకు తరఫు వకీలు కనిపించాడు. పెద్దబాపు తువ్వాల సర్దుకుని ఆయన పక్కన కూర్చున్నాడు.

"తప్పంత మావోనిదే సారూ. వాడుకున్నడు, కట్టలే."

వకీలు కళ్లు మెరిశాయి. "అయితే బాకీ ఒప్పుకుంటున్నరా?"

"ఒప్పుకోకుంటె ఎట్ల? మీరు గూడ జర సూడాలె గద. వడ్డీ ఇడిసిపెట్టున్రి. అసల్ల సగం కడ్తడు."

వకీలు బ్యాంకుకు ఫోన్ చేసి చిటికెలో సరేనన్నాడు. ఆ వేగం చూసైనా నాకు అనుమానం రావాలి. గర్వం వచ్చింది. పంచాయితీ తెగగానే కాగితం రాసుకోవడం మా ఆచారం. "సదరు బాకీ కట్టగలవాడను" అని రాసి, పెళ్లి శుభలేఖంత అందంగా సంతకం పెట్టాను.

అప్పుడే మా లాయరు బయటికొచ్చాడు. కాగితం చదివి మెట్ల మీద కూలబడ్డాడు.

"సగం తగ్గించినం సార్," అన్నాను ఛాతీ విరుచుకుని.

"నువ్వు కట్టాల్సింది సున్న. సచ్చిన బాకీని సంతకం పెట్టి లేపినవ్."

పెద్దబాపు నావైపు కోపంగా చూశాడు. "ముందుగాల చెప్పద్దారా, సున్న కాడికెల్లి బేరం మొదలుపెడుదు గద."

షాపు డబ్బు పోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. సరిత మాత్రం ఏడవలేదు, అరవలేదు. నాతో ఇంటికొచ్చిన పెద్దబాపుకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"మామా, నాదొక పంచాయితీ ఉన్నది. నా పైసలు ఈయన తిన్నడు."

"జర తగ్గియ్యి పెద్దబాపు," అన్నాను ఆశగా.

"ఆడబిడ్డ సొమ్ము. రూపాయి తగ్గది, వడ్డీతోని కట్టాలె. కాగితం తే."

నెలనెలా నా జీతంలోంచి కట్టాను. షాపు ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది. ఆదివారాలు గుండీలు కుట్టేది నేనే, అదే వడ్డీ కింద జమ.

అందుకే ప్రమాణం చేస్తున్నాను: లాయరు ఊరుకోమంటే ఊరుకుంటాను, కోర్టుకు పెద్దమనిషిని జన్మలో తీసుకెళ్లను. నమ్మకం లేకపోతే ఎన్నిసార్లయినా నోటితో చెబుతాను. సంతకం మాత్రం అడగొద్దు.