పడవ తాత యాంటెన్నా

సముద్రానికి హద్దు నియమించినవాడు, దాని మీద తేలే చిన్న పడవను సైతం మరచిపోనివాడు అయిన మన దేవునికి స్తోత్రం. ఇంతకాలం నన్ను నడిపించి, ఈ నాలుగు మాటలు రాసే ఆయుష్షు ఇచ్చిన ఆయన కృపకు వందనాలు.

నా చిన్నప్పుడు మా కుటుంబం ఫిజీ నుంచి వచ్చి, బ్రిస్బేన్‌కు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో స్థిరపడింది. మా ముత్తాతలు చెరకు తోటల్లో పని కోసం ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు. మాలాంటి కుటుంబాలు కొన్ని కలిసి ప్రతి ఆదివారం ఒక స్కూలు హాలులో ఆరాధన జరుపుకునేవి. మా సంఘంలో ఒక నియమం ఉండేది. ప్రభువు బల్లలో పాలు పొందేవారి ఇంట్లో టీవీ ఉండకూడదు. ఆ నియమం పెట్టినవాళ్ళు కఠినులేమీ కారు. కొత్త దేశం, రాత్రీ పగలూ పని, ఒళ్ళంతా అలసట. సాయంత్రం కుటుంబ ప్రార్థన పోయి దాని చోట టీవీ వచ్చి కూర్చుంటుందని వాళ్ళు భయపడ్డారు. మా తాతయ్య సంఘ పెద్ద. అందరికంటే ముందు తన ఇంటి కప్పు మీది యాంటెన్నా దించి గరాజులో పడేసింది ఆయనే.

ఆ సంఘానికి ఒక ముసలాయన వచ్చేవాడు. పిల్లలమంతా ఆయనను పడవ తాత అనేవాళ్ళం. ఆయనా ఫిజీ తెలుగువాడే. భార్య పోయాక ఇల్లు వదిలేసి, వాగు సముద్రంలో కలిసేచోట లంగరు వేసిన తన పడవలోనే కాపురం పెట్టాడు. పీతలు పట్టి అమ్ముకునేవాడు. రెండు చెవులూ వినపడవు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాడు. వచ్చే ఆదివారం మొదటిసారి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవాలని పసివాడిలా ఎదురుచూస్తున్నాడు. కాని ఆయన పడవ మీద నిలబెట్టిన పొడవాటి కొయ్య చివర, బోర్లించిన పళ్ళెంలాంటి గుండ్రటి యాంటెన్నా ఒకటి రోడ్డు మీదికే కనబడేది. అది దిగేదాకా ఆయనకు బల్ల లేదని పెద్దలు తీర్మానించారు. దించే పని మా తాతయ్యకు అప్పగించారు.

శనివారం పొద్దున తాతయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. దానికి కారణం ఉంది. మా తాతయ్యది గుబురు మీసం, పై పెదవి కనబడేదే కాదు. "అన్నా, నీ మాట మీసంలోనే చిక్కుకుంటుంది, పాపను చెప్పమను" అని పడవ తాత ఎప్పుడూ వేళాకోళం చేసేవాడు. అందుకని తాతయ్య ఒక మాట అంటే, నేను ఆయన వైపు తిరిగి మళ్ళీ పలకాలి.

వచ్చిన పని చెప్పగానే పడవ తాత వాదించలేదు. తనే స్పానర్ తెచ్చి తాతయ్య చేతిలో పెట్టాడు. "తీసెయ్ అన్నా. నాకు బల్లే కావాలి." తాతయ్య పైకెక్కి దించాడు. అది పగుళ్ళిచ్చి, లోపల నీళ్ళు చేరి, ఇవాళో రేపో పోయేలా ఉంది. తర్వాత పడవ తాత మాకు టీ ఇచ్చాడు. టీ తాగుతూ మామూలుగా అన్నాడు: "ఇంక గాలి సంగతి ఎవర్నైనా అడిగి తెలుసుకోవాలి."

రేడియోలో చెప్తారు కదా అన్నాడు తాతయ్య. ఆ మాట నేను పలికాను. పడవ తాత నవ్వి తన చెవి మీద తట్టుకున్నాడు.

"రేడియో నాకు చెప్తుందా, పాపా?"

అప్పుడు బయటపడింది సంగతి. టీవీ కొనకముందు ఒకసారి, రేడియోలో హెచ్చరిక మోగుతూనే ఉందట. ఈయన పీతల బుట్టలు చూసుకోవడానికి సముద్రంలోకి వెళ్ళిపోయాడు. గాలి విరుచుకుపడింది. అటుగా పోతున్న పెద్ద పడవవాళ్ళు చూసి తాడు విసిరారు కనుక బతికాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం వార్తల చివర వచ్చే వాతావరణ పటంలో గాలి బాణాలు చూసుకుని, మర్నాడు వెళ్ళాలో వద్దో తేల్చుకునేవాడు.

"అదొక్కటే చూస్తాను అన్నా," అని ఒక క్షణం ఆగి, "ఫుట్టీ ఆట కూడా చూస్తాలే. అబద్ధమెందుకు?" అన్నాడు.

ఈ సంగతి పెద్దలకు ఎందుకు చెప్పలేదని తాతయ్య అడిగాడు.

"వాళ్ళు అటు తిరిగి మాట్లాడుకున్నారు అన్నా. ఏం అడిగారో నాకేం తెలుసు?"

తాతయ్య టీ కప్పు కింద పెట్టేశాడు. కాసేపటికి నన్ను తీసుకుని ఇంటికి వెళ్ళి, గరాజులో ఉన్న మా యాంటెన్నాను కారు మీద కట్టుకుని మళ్ళీ వచ్చాడు. చేప ముల్లులా చువ్వలు చువ్వలుగా ఉన్న ఇంటి యాంటెన్నా అది. దాన్ని కొయ్యకు బిగించి అటూ ఇటూ తిప్పుతుంటే, నేను లోపల టీవీ ముందు కూర్చుని అరిచాను. "నో తాతయ్యా... లిటిల్ బిట్... స్టాప్, స్టాప్! గుడ్ పిక్చర్!" తాతయ్య గెలిచినవాడిలా కిందికి దిగాడు.

మధ్యాహ్నం పోటు తిరిగింది. నీళ్ళతోపాటు పడవ కూడా లంగరు చుట్టూ మెల్లగా తిరిగింది. మా యాంటెన్నా ఊరి వైపు వదిలేసి మడ చెట్ల వైపు చూడసాగింది. తెర నిండా చుక్కలు. "ఆల్ గాన్, తాతయ్యా!" అన్నాను. పడవ తాత కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"అన్నా, నీ ఇల్లు కదలదు. నా ఇల్లు నీళ్ళు తిరిగినప్పుడల్లా తిరుగుతుంది. అందుకే గుండ్రటిది పెట్టుకున్నా. అది ఎటు తిరిగినా అందుకుంటుంది."

తాతయ్య కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "మన ఇంటికి సరిపోయిందని తెచ్చి ఈయన నెత్తిన బిగించాను" అన్నాడు తనలో తాను. ఆ మాట నన్ను పలకమనలేదు. సాయంత్రం వార్తలకు ముందే, పడవ సామాన్ల కొట్టు నుంచి కొత్త గుండ్రటి యాంటెన్నా తెచ్చి బిగించాడు.

మర్నాడు ఆరాధనలో, రొట్టె విరవడానికి ముందు తాతయ్య లేచి నిలబడ్డాడు. పాతది దించానని, కొత్తది పెట్టానని చెప్పాడు. హాలంతా గుసగుసలు. ఒక ఆంటీ ఉండబట్టలేక, "బ్రదర్, తీసి రమ్మంటే బిగించి వచ్చారా? మా పిల్లలకి నేనేం చెప్పుకోను?" అంది. తాతయ్య జరిగిందంతా చెప్పాడు, ఫుట్టీతో సహా. విశ్రాంతి దినాన గోతిలో పడిన గొర్రెను పైకి తీయడం తప్పు కాదన్న ప్రభువు, ఈ మనిషిని గాలికి వదిలెయ్యమంటాడా అని అడిగాడు. "ఆయనకు బల్ల లేకపోతే నాకూ వద్దు" అని, ముందు వరుసలోని తన కుర్చీ వదిలి వెళ్ళి, చివరి వరుసలో పడవ తాత పక్కన కూర్చున్నాడు.

పడవ తాతకు ఏమీ అర్థం కాలేదు. నా కోసం చూశాడు. నేను పరుగున వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

పాస్టర్ గారు రొట్టె పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. ఆ నియమం ఆయన ఎన్నో ఇళ్ళ బాధ చూసి, కన్నీళ్ళతో పెట్టినది. ఆ తర్వాత నడుచుకుంటూ చివరి వరుసకు వచ్చారు. పడవ తాత ముందు మోకాళ్ళూని, తన ముఖం ఆయన ముఖానికి ఎదురుగా పెట్టి, ఒక్కొక్క మాట విడివిడిగా పలికారు: "ఇది మీ కోసం. మమ్మల్ని క్షమించండి." పెదవులు మాత్రమే కదిపారు, పక్కనే ఉన్న నాకు కూడా వినబడలేదు. నేనూ ఆయన పెదవులు చూసే తెలుసుకున్నాను. పడవ తాత రెండు చేతులూ చాపాడు.

ఇప్పుడు సంఘంలో పిల్లలు నన్ను ఆంటీ అంటారు, పెద్దలు నా మాట అడుగుతారు. ఎవరి గురించైనా ఏదైనా తేల్చవలసి వచ్చినప్పుడు, మనలో ఎవరైనా వారి ఇంటికి వెళ్ళి వారి ఎదురుగా కూర్చున్నారా అని ముందు అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నా అడుగుతాను. నేను కూడా చాలాసార్లు ఆ గడప తొక్కకుండానే తీర్పు చెప్పబోయి, నాలుక కరుచుకుని ఆగిన దానినే.

ఇది చదువుతుంటే మీ మనసులోనూ ఎవరో ఒకరు మెదిలి ఉంటారు. దయచేసి ఆ పేరు తలుచుకుని, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతోపాటు ప్రార్థించండి: ప్రభువా, ముందు ఆ ఇంటి గుమ్మం దాకా మమ్మల్ని నడిపించు. ఆమేన్.