వేలు చూపిన కోణం

తెలంగాణ వచ్చిన మూడో ఏడు. దేవరకొండ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మా బడి అప్పుడే ఇంగ్లీషు మీడియంకు మారింది. నాకు ఒక పాత అలవాటుంది. బోర్డు మీద వృత్తం గీసి, కేంద్రం దగ్గర వేలు పెట్టి, "గిదే యాంగిల్ O" అనేవాణ్ణి. కేంద్రం దగ్గర రెండు వ్యాసార్ధాల మధ్య ఏర్పడే కోణమే సెంట్రల్ యాంగిల్. ఏ కోణమో నా వేలే చెప్పేది. పిల్లలూ అలాగే రాసేవాళ్లు. నేను టిక్కు పెట్టేవాణ్ణి.

పదో తరగతిలో సునీత చురుకైన పిల్ల. మహబూబ్‌నగర్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీ ఇంటర్ సీటు ఉచితంగా ఇస్తోందంటే పరీక్షకు నేనే తీసుకెళ్లాను. బయల్దేరే ముందు వాళ్ల నాయిన యాదయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, బోరు ఎండిపోయింది. గీ సీటు రాకుంటే పిల్లను సదివించుడు నాతోని కాదు."

చివరి పరీక్ష వింతగా ఉంది. పిల్లలకు ఒక బొమ్మ ఇస్తారు. దాన్ని వాళ్లు ఇంగ్లీషు మాటల్లో రాయాలి. పక్క గదిలో టీచర్లు ఆ మాటలు చదివి బొమ్మ గీయాలి. రెండు బొమ్మలూ కలిస్తేనే మార్కులు. తోడొచ్చిన టీచర్లనే గీయడానికి కూర్చోబెట్టారు. కాగితాల మీద పేర్లుండవు.

నాలుగో కాగితం చేతికి రాగానే గుర్తుపట్టాను. అది సునీత రాత. కేంద్రం O, వ్యాసార్ధాలు OA, OB, OC అని చక్కగా రాసింది. ఆ తర్వాత, యాంగిల్ O వంద డిగ్రీలు.

ఏ కోణం? అక్కడ మూడున్నాయి. ఆమె మనసులో ఉన్నది A, B ల మధ్యదని నాకు తెలుసు, మొదటి రెండు గీతల మధ్యే వేలు పెట్టడం నా అలవాటు కదా! పెన్సిల్ కదిలిస్తే చాలు, సీటు వస్తుంది. పెన్సిల్ కింద పెట్టేశాను.

"ఏంది సార్, ఆగిండ్రు?" అంది పర్యవేక్షకురాలు.

"మేడమ్, గిది మా పిల్ల రాత. నేను గీయొద్దు."

ఆమె కాగితం తీసుకుని ఆత్మకూర్ నుంచి వచ్చిన సారుకిచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు. "మూడు కోణాలున్నయ్, ఏది వంద?" అని గొణుక్కుంటూ B, C ల మధ్య గీశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బయట సునీత ఎదురుచూస్తోంది. "సార్, మీరు చెప్పినట్టే రాసిన."

"నేను చెప్పినట్టే రాసినవ్ బిడ్డా. తప్పు చెప్పింది నేనే."

సీటు రాలేదు. పిల్ల చదువు ఆపొద్దని యాదయ్య ఇంటికి మూడు రోజులు తిరిగాను. ఆయన నన్ను చూసి చేనువైపు వెళ్లిపోయేవాడు. చివరికి, "పిల్లకు లెక్క వస్తదా రాదా, గది చెప్పు సారూ" అన్నాడు. వస్తుందన్నాను. "మరి నువ్వే పిల్ల ఎంబడి నిలబడు." దేవరకొండ సర్కారు కాలేజీలో చేర్పించాం.

అప్పటినుంచి బోర్డు దగ్గర నా కుడిచెయ్యి జేబులోనే ఉంటుంది. కేంద్రం అక్షరం నడుమ పెట్టి పిల్లలు యాంగిల్ AOB అనాలి, అవతలి పెద్ద కోణం కాదు, చిన్న చాపం AB మీదిదని కూడా చెప్పాలి, అప్పుడే నేను గీస్తాను. పిల్లలు విసుక్కుంటారు.

కాలేజీలో చేరే ముందురోజు సునీత ఒక కాగితం తెచ్చింది. ఆ బొమ్మనే మళ్లీ రాసింది. నేను గీశాను. ఈసారి ఒక్క రకంగానే వచ్చింది.

"గిప్పుడు సరేనా సార్?" అంది.

సరేనన్నాను, తలెత్తకుండా.